గుట్టుమాటకు తాళము



ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగు చెప్పి, ఇప్పుడు పింఛను పుచ్చుకొని ఇంటిపట్టున నున్నవాడను. ధర్మపురిలో గోదావరి యొడ్డున కూర్చుండి అమరము, రఘువంశము వల్లెవేసిన చదువు నాది. అట్టివాడు సెల్‌ఫోనులోని గూఢలేఖలను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. యంత్రములు చేయు విద్య నాకు రాదు. కాని యుత్తరములతోడి పరిచయము నాకు చిరకాలముగా కలదు. ఒకరు వ్రాసిన మాట మరియొకరి చెవి చేరులోపల దాని గుట్టు ఎచ్చట చెడునో కన్నులార చూచితిని. చూచుటయే కాదు, ఒకమారు చెడగొట్టినవాడనుగూడ నేనే. ఆ కథతోనే ఆరంభించెదను.

1980వ దశకములో నేను నాటి కరీంనగరము జిల్లాలో, కోరుట్ల చేరువనున్న యొక గ్రామమున పనిచేయుచుంటిని. ఆ ప్రాంతమునుండియు, ఆదిలాబాదు జిల్లాలోని నిర్మలు వైపునుండియు మగవారు అప్పటికే దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు కూలికి పోవుచుండిరి. సిరిసిల్ల నేతవారు భీవండికి, బొంబాయికి పోవుచుండిరి. టపా వచ్చిన దినమున నా యింటి యరుగు నిండిపోయెడిది. చదువురాని తల్లులు, భార్యలు కవరులు చేతబట్టుకొని వచ్చి కూర్చుండెడివారు. నేను చదివి వినిపించి, వారు చెప్పిన జవాబు వ్రాసియిచ్చెడివాడను. అందుకు పైసయైనను పుచ్చుకొన్నవాడను కాను. ఊరికి ఉపకారము చేయుచున్నానను గర్వము మాత్రము లోలోపల నుండెడిది.

ఒకనాడు ఒక యిల్లాలు కవరు తెచ్చినది. ఆమె పేరు చెప్పను. అరుగుమీద పదిమంది యున్నారు. వారిలో ఆమె బావగారును ఉండెను. నేను అలవాటు చొప్పున కవరు చించి, బడిలో పాఠము చదివినట్లు పెద్దగొంతుతో చదువసాగితిని. నాలుగవ పంక్తిలో ఆమె పెనిమిటి, పంపిన సొమ్ములో రెండువేలు అన్నకు తెలియకుండ పోస్టాఫీసులో నీ పేర దాచుకొనుము, నేను వచ్చినపిదప వేరుపడుదము అని వ్రాసియుండెను. ఆ మాట నానోట వెడలినపిదప గాని నేనేమి చదివితినో నాకే తెలియలేదు. అరుగుమీద ఎవ్వరును పలుకలేదు. బావగారు తువాలు దులిపి భుజముపై వేసికొని లేచిపోయెను. ఆ రాత్రి ఆ యింట జరిగిన గలాటా ఊరంతయు వినెను. ఏడాదిపాటు ఆ యిల్లాలు పుట్టినింట నుండవలసివచ్చెను.

ఆలోచింపుడు. ఆ కవరు సముద్రము దాటి వచ్చినది. దాని జిగురు చెడలేదు. నడుమ ఏ టపాబంట్రోతును దానిని విప్పిచూడలేదు. దొంగ దోచలేదు, దొర తెరువలేదు. వేల మైళ్లు భద్రముగా వచ్చిన గుట్టు, చేరవలసిన చోటికి చేరి, రెండు మూరల దూరమున చెడినది. పుట్టింటికి పోవుదినమున ఆమె నాతో, "నాకే సదువొస్తే ఈ కాయితం మీ దాంక రాకపోవు గద సారూ" అన్నది. కోపముతో అన్న మాట కాదు. అందుచేతనే నేటికిని నా చెవిలో నిలిచియున్నది.

నేడు ఆ కవరులు లేవు, ఆ యరుగు కూటములును లేవు. గల్ఫులోని కొడుకు మాట క్షణములో తల్లి చేతిలోని ఫోనులో పలుకుచున్నది. ఆ మాటకు తాళమున్నదా, ఉన్నచో ఎంత గట్టిది, ఆ తాళము అందరి యింటికి ఎట్లు వచ్చినది, వచ్చినను ఎచ్చట వదులైనది అనునదియే నేటి ప్రసంగ విషయము.

గుట్టుగా వార్త పంపవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున చారులు నడుపు గూఢలేఖల ప్రసక్తి కలదు. వాత్స్యాయనుడు లెక్కించిన అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పము ఒకటి. తెలిసినవారికి దక్క నితరులకు బోధపడకుండ మాటను మార్చి చెప్పుట దాని యర్థము. భారతములోని లక్కయింటి కథ మీ రెరుగుదురు. రానున్న యాపదను విదురుడు ధర్మరాజునకు ఇతరులకు తెలియని భాషలో హెచ్చరించెను. పిమ్మట సొరంగము త్రవ్వుటకై ఒక ఖనకుని పంపెను. ఆ ఖనకుడు తాను నిజముగా విదురుడు పంపినవాడనే యని నమ్మించుటకు, ఆ నాటి రహస్య సంభాషణనే ఆనవాలుగా చెప్పెను. ఇందు రెండు ధర్మములు ఇమిడియున్నవి. మాట ఇతరులకు అర్థము కాకుండుట ఒకటి. వచ్చినవాడు మనవాడే యని తేలుట రెండవది. నేటి గూఢలేఖల శాస్త్రము ఈ రెండు స్తంభముల మీదనే నిలిచియున్నది.

అయితే తెలియని భాషయే తాళమని భ్రమపడరాదు. మన ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున గోండిభాషను ప్రత్యేకలిపిలో వ్రాసిన ప్రాతప్రతులు వెలువడినవి. ఆ లిపి గుట్టు దాచుటకు పుట్టినది కాదు. అయినను బయటివారు చిరకాలము దానిని చదువలేకపోయిరి. చదువగల పెద్దలు కొందరు పూనుకొని నేర్పగా, ఇతరులును నేర్చుకొనిరి. ప్రపంచమందలి కంప్యూటర్లకు ఆధారమైన లిపులపట్టికను యూనికోడందురు. 2018లో గుంజాల గోండిలిపికి అందు స్థానము లభించినది. ఇది మన మందరము సంతోషింపదగిన విషయము. గుట్టు విషయములో మాత్రము దీనినుండి మనము గ్రహింపవలసినది వేరు. ఇతరులు నేర్వనంతకాలమే లిపి మరుగు. నేర్చినయంతనే తలుపు తెరచుకొనును. కావున తాళము చేయు పద్ధతి లోకమంతటికి తెలిసినను, తాళపుచెవి లేనివానికి అది తెరువరాకుండవలెను. కెర్క్‌హాఫ్స్ అను డచ్చి పండితుడు 1883లోనే ఈ సూత్రమును చెప్పెను.

ఇక చెవి సంగతి. దుబాయిలోనున్నవానికి తాళము వేసిన పెట్టె పంపినచో, దాని చెవిని ఎట్లు పంపుట? పెట్టెతో పంపిన పెట్టె వ్యర్థము. వేరుగా పంపిన నడుమ దొంగిలింపవచ్చును. వేలయేండ్లు రాజులు, సేనానులు ఈ చిక్కుతోడనే అల్లాడిరి. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను నిరువురు విద్వాంసులు దీనికి విడుపు చూపిరి. దానిని పల్లెమాటలలో చెప్పెదను. ఒక రైతు తెరచియున్న తాళపుకప్పలను ఊరందరికి పంచిపెట్టి, వాని చెవిని మాత్రము తన మొలత్రాటికి కట్టుకొన్నాడనుకొనుడు. ఆయనకు వార్త పంపగోరువాడు పెట్టెలో చీటీ వేసి, ఆ కప్పను నొక్కును. నొక్కినపిదప వేసినవానికిగూడ అది తెరువరాదు. తెరువగలవాడు మొలత్రాటిని చెవిగలవాడొక్కడే. చెవి ఎన్నడును ఇల్లు కదలనే లేదు! ఇనుముతో గాక పెద్ద పెద్ద సంఖ్యల గణితముతో చేసిన తాళపుకప్పలివి.

ఇంత చక్కని తాళము దొరకినపిదప లోకమంతయు వాడుకొనియుండవలెను గదా? అట్లు జరుగలేదు. 1991లో ఫిలిప్ జిమ్మర్మన్ అను నాతడు సామాన్యులు తమ యుత్తరములకు వేసికొనుటకై పీ.జీ.పీ. అను నొక తాళమును చేసి పంచిపెట్టెను. అది ఆయుధముతో సమానమని యెంచి అమెరికా ప్రభుత్వము మూడేండ్లు ఆయనపై విచారణ సాగించి, 1996లో విడిచిపెట్టెను. తాళము గట్టిదే. కాని దానిని వేయనేర్చిన వారెందరు? 1999లో ఆల్మా విట్టెన్, టైగర్ అను పండితులు పరీక్షించి చూచిరి. ఈమెయిలు వ్రాయుట బాగుగ తెలిసిన పండ్రెండుమందిని కూర్చుండబెట్టి, తొంబది నిమిషములు గడువిచ్చి, ఒక రహస్యవార్తను ఈ తాళము వేసి పంపుడనిరి. సరిగా పంపగలిగినవారు మూడవవంతు మాత్రమే. అంతకంటె విచారకరమేమనగా, ముగ్గురు తాళము వేయకయే రహస్యమును పంపివైచిరి. వేసితినని నమ్మినవాడొకడు అందు కలడు.

ముప్పదియైదేండ్లు పిల్లలతో తిరిగినవాడను గనుక, ఈ సంగతి విన్నప్పుడు నాకు ఆశ్చర్యము కలుగలేదు. పాఠము తరగతిలో సగముమందికి రానప్పుడు తప్పు పిల్లలది కాదు, పాఠము చెప్పిన పద్ధతిది. అట్లే సామాన్యుడు వేయలేని తాళము ఎంత గట్టిదైనను గోడకు తగిలించిన యలంకారమే. అంతియే కాదు, గుట్టుమాట ఒక్కరు పాటించిన సాగునది కాదు. ఇరువైపులవారికి ఒకే తాళముండవలెను. కొడుకు ఫోనులో నుండి తల్లి ఫోనులో లేని తాళము నిష్ప్రయోజనము. ఊరిలో పదిమందియే తాళము వేసికొన్నచో, దాచవలసినదేదో వీరికున్నదని అందరి చూపులును వారిమీదనే పడును. ఊరంతయు వేసికొన్ననాడు అది మర్యాద యగును. ఎవ్వరును ఎవ్వరిని శంకింపరు.

ఆ దినము 2016 ఏప్రిల్ నెలలో వచ్చినది. వాట్సాపు సంస్థవారు తమ వార్తలన్నింటికి, ఆ చివరనుండి ఈ చివరకు విప్పరాని తాళమును వేసితిమని ప్రకటించిరి. అప్పటికే వారిని వాడువారు నూరుకోట్లకు మించియుండిరి. ఆ తాళము వారు చేసినది కాదు. సిగ్నల్ అను వార్తాసాధనమును నిర్మించిన మాక్సీ మార్లిన్‌స్పైక్, ట్రెవర్ పెరిన్ అను వారు రూపొందించిన పద్ధతి. ఆనాడు కోరుట్లలోని తల్లి మీట నొక్కలేదు, చెవి చేయించుకొనలేదు, సంఖ్య వ్రాసికొనలేదు. నిన్నటివలెనే ఫోను తీసినది, కొడుకుతో మాటలాడినది. తాళము తనంతట తానే పడినది. పదియేడేండ్ల క్రింద పండ్రెండుమందిలో ఎనమండుగురు చేయలేని పని, నూరుకోట్లమంది తెలియకయే చేసిరి. నేర్పుట కంటె, నేర్వనక్కరలేకుండ చేయుటవలన ఈ కార్యము సిద్ధించినది. వాట్సాపునకు యజమాని యైన మెటా సంస్థ తన మెసెంజరునకును ఈ తాళమును 2023 డిసెంబరులో అందరికి వేయసాగినది.

ఇంతవరకు శుభమే. ఇక వదులైన చోటులను చూతము.

మొదటిది, కవరు పైభాగము. లోపలి యుత్తరమునకు జిగురున్నను, ఎవరినుండి ఎవరికి, ఏనాడు, ఎన్నిమారులు అనునది టపావానికి తెలియును. వాట్సాపులోను అంతియే. లోనిమాట సంస్థకు తెలియదు. ఎవరు ఎవరితో ఎప్పుడు మాటలాడిరో తెలియును. అర్ధరాత్రి వైద్యునికి, తెల్లవారగనే వకీలుకు, అటుపిమ్మట భూమి కొనువానికి ఫోను చేసినవాని కథను ఊహించుటకు లోనిమాట వినవలెనా?

రెండవది, తాళము లేని మార్గములు. ఐక్యఅరబ్బు దేశములో, అనగా దుబాయి, అబూదాబీ ప్రాంతమున, వాట్సాపు వార్తలు నడచునుగాని ఫోనుమాటలకు చిరకాలముగా అడ్డంకి కలదు. మన పిల్లలు ఇంటి ముఖము చూడవలెనను ఆరాటముతో ఏది పనిచేసిన దానిని పట్టుకొందురు. 2019లో టోటోక్ అను నొకటి అట్లే వ్యాపించెను. అది వాడువారి మాటలపై, తిరుగుడుపై అచ్చటి ప్రభుత్వము నిఘా పెట్టుటకు సాధనమని ఆ సంవత్సరము డిసెంబరులో న్యూయార్కు టైమ్సు పత్రిక వెల్లడించెను. ఆ సంస్థ కాదనెను. ఆపిలు, గూగులు సంస్థలు దానిని తమ యంగళ్లనుండి తొలగించినవి. ఉచితముగా ముఖము చూపు ప్రతి పరికరమునకును తాళమున్నదని నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

మూడవదియు ముఖ్యమైనదియు, రెండు చివరలు. తాళము నడిమార్గమును కాచును, చివరలను కాయదు. పెట్టె తెరచిన యింటిలోనే దొంగ కూర్చుండినచో తాళమేమి చేయును? ఇజ్రాయేలు దేశపు ఎన్.ఎస్.ఓ. సంస్థ చేసిన పెగాససు అను సాధనముతో, ఫోనుపిలుపులోని యొక లోపమును ఆసరాగొని, సుమారు 1,400 ఫోనులలో చొరబడిరని 2019లో వాట్సాపు సంస్థయే న్యాయస్థానమున కెక్కెను. మన దేశీయులును ఆ జాబితాలో నుండిరి. అది ధనవంతమైన దొంగతనము. మన వరకు రాదు. మన పల్లెకు వచ్చు దొంగ ఇంకను సులభముగా వచ్చును. పెండ్లిపత్రిక యని, రైతుల సొమ్ము వచ్చినదని, బ్యాంకు నోటీసని ఒక దస్త్రము ఫోనులోనికి వచ్చును. దాని పేరు చివర ఏ.పీ.కే. అను మూడక్షరము లుండును. శుభలేఖ యనుకొని వ్రేలు నొక్కినచో ఇంటి తలుపు దొంగకు మనమే తీసినట్లు. మరియొకడు ఫోనుచేసి, పొరబాటున మీకు ఆరంకెల సంఖ్య వచ్చినది, దయచేసి చెప్పుడనును. ఆ సంఖ్యయే మన మొలత్రాటి చెవి. చెప్పిన మరుక్షణమున మన పేరుతో వాడు మన బంధువుల నందరిని అప్పుగా సొమ్మడుగును. గణితశాస్త్రజ్ఞులు జీవితములు ధారపోసి చేసిన తాళము, 'అయ్యో పాప' మను మన జాలికి లొంగిపోవును.

గుంపులను గూర్చి ఒకమాట. మన కులసంఘమునకు, బడికి, పాలకేంద్రమునకు గుంపులున్నవి. నూరుగురున్న గుంపునకు నూరు చివరలు. ఒక్కరు తెరపటము తీసి పంపిన చాలును. అరుగుమీద పదిమంది కూర్చున్నప్పుడు పెద్దగొంతుతో చదువరాదని నేను ఆలస్యముగా నేర్చితిని. నేటి గుంపు పదిమంది కూర్చున్న యరుగే. హోటలు బెంచీమీద కూర్చుండి కొడుకు పంపిన మాటను ఫోనుగొంతు పెంచి వినువారిని చూచినప్పుడెల్ల నా పాతతప్పు నాకు గుర్తువచ్చును.

ఇప్పుడు ప్రభుత్వము సంగతి. ఉత్తరములు, తంతివార్తలు విప్పిచూచు నధికారము ప్రభుత్వమునకు బ్రిటిషువారి కాలమునుండియు కలదు. 1885 నాటి తంతిశాసనము, 1898 నాటి టపాశాసనము ఆ యధికారము నిచ్చినవి. వాని స్థానమున 2023లో పార్లమెంటు క్రొత్తశాసనములను చేసి, ఆ యధికారమును నిలుపుకొన్నది. మరియొకవైపున 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, ఆంతరంగిక జీవనము పౌరుని ప్రాథమికహక్కు అని తీర్పు చెప్పిరి. ఈ రెంటినడుమ పెనుగులాట సాగుచున్నది.

ప్రభుత్వము వాదము కొట్టివేయదగినది కాదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు వాట్సాపులో వ్యాపించి, దేశమున పలుచోట్ల అమాయకుల ప్రాణములు తీసినది. తెలంగాణమునను చావులు జరిగినవి. మన పొరుగున మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడాలో జులై 1వ తేదీన ఐదుగురు భిక్షుకులను కొట్టి చంపిరి. తాళము వేసిన పెట్టెలో విషము పోవుచున్నప్పుడు పంపినవాని నెట్లు పట్టుట? అందుచే 2021 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలు, న్యాయస్థానమో అధికారియో ఆజ్ఞాపించినప్పుడు వార్తను మొదట పుట్టించినవానిని చూపవలెననెను. అట్లు చూపుటకు అందరి తాళములను వదులుచేయవలసివచ్చునని వాట్సాపు సంస్థ ఆ సంవత్సరము మే నెలలో ఢిల్లీ హైకోర్టు కెక్కెను. తాళము విరువుమనినచో ఈ దేశమును విడిచిపోవుదుమని 2024 ఏప్రిలులో వారి న్యాయవాది కోర్టులో పలికెను.

నా యభిప్రాయమును దాచుకొనను. పుకారునకు మందు తాళము విరుచుట కాదు. 2018 జులైలో ఆ సంస్థయే మన దేశములో ఒక వార్తను ఒకేమారు ఐదుచోట్లకు మించి త్రోయరాదని కట్టడి పెట్టెను. మరుసటియేట లోకమంతటికి దానిని వర్తింపజేసెను. గద్వాల ప్రాంతమున పోలీసులు గ్రామగ్రామము తిరిగి, పాటలతో చాటింపులతో అది యబద్ధమని ప్రజలకు చెప్పిరి. ఈ రెండింటికిని ఎవ్వరి పెట్టెయు తెరువనక్కర లేకపోయెను. మంచివాని కొరకని గోడకు పెట్టిన కన్నమునుండి దొంగయు రాగలడు. కన్నమునకు మంచిచెడ్డలు తెలియవు. తాళము లేని సాధారణపు ఫోనుమాటల గతి మన రాష్ట్రముననే చూచితిమి. 2024 మార్చిలో, అక్రమముగా ఫోనులు వినిరను నారోపణపై హైదరాబాదులో కేసు పుట్టి, పోలీసు అధికారులే నిర్బంధింపబడిరి. దోషనిర్ణయము న్యాయస్థానము చేయును. కాని వినుటకు వీలున్నచోట విను ఆశ పుట్టుననుటకు వేరుసాక్ష్యము కావలెనా?

పెద్దలారా! మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగించెదను. ఆరంకెల సంఖ్యను కన్నకొడుకు అడిగినను ఫోనులో చెప్పకుడు. వాట్సాపులో రెండవ తాళముగా మీకు మాత్రమే తెలిసిన మరియొక ఆరంకెల సంఖ్యను పెట్టుకొను వీలున్నది. నమ్మకమైనవారిచే పెట్టించుకొని, ఆ సంఖ్యను మీరే వేయుడు. మీ వాట్సాపు ఇతర కంప్యూటరులతో ముడిపడియున్నదా యని నెలకొకమారు చూచుకొనుడు. ఎరుగని ముడి యున్నచో త్రెంచివేయుడు. పాతమాటల నకలును దాచుకొనునప్పుడు దానికిగూడ తాళము వేయు సౌకర్యము 2021నుండి కలదు. అది తనంతట తాను పడునది కాదు, మనమే కోరవలెను. ఆప్తులతో ముఖాముఖి కలిసినప్పుడు ఇరువురి ఫోనులలోను కనబడు అరువదియంకెల సంఖ్య ఒక్కటియేనా యని సరిచూచుకొనుడు. ఒక్కటియైనచో నడుమ మరియొకడు తన తాళపుకప్పను చొప్పించలేదని అర్థము. ఎవరైన మీ మనుమని గొంతుతో సొమ్మడిగినచో, ఖనకుని ఆనవాలు గుర్తుంచుకొనుడు. మీ ఇంటివారికే తెలిసిన యొక ప్రశ్న అడుగుడు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోనుచేయుడు. తొలిగడియలలో చెప్పిన, పోవు సొమ్మును ఆపుటకు అవకాశ మెక్కువ.

తాళమును శాస్త్రజ్ఞులు చేసిరి. దానిని ఇంటింటికి చేర్చుపని యంత్రము చేసినది. చివరలను కాచుపని మాత్రము మనదే. అది చదువుచే, జాగ్రత్తచే గాని కాదు.

మొదట చెప్పిన కథకు చివర యొకటి యున్నది. ఆ యిల్లాలు పుట్టినింటినుండి తిరిగివచ్చినపిదప, ఒకనాటి సాయంకాలము పలకతో నా యింటికి వచ్చినది. నా భార్య ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దినది. ఆరునెలలకు తన పేరు, ఏడాదికి కవరుమీద చిరునామా వ్రాయనేర్చినది. ఆ మరుసటి సంక్రాంతికి దుబాయికి తానే ఉత్తరము వ్రాసినది. సరిచూచెద నిమ్మని నేను చేయి చాచితిని. ఆమె నవ్వి, ఈయలేదు. నా యెదుటనే కవరునకు జిగురు తడిపి అంటించి, కొంగున దాచుకొని టపాపెట్టె వైపు నడచిపోయినది.

ముప్పదియైదేండ్ల యుపాధ్యాయవృత్తిలో నేను పొందిన బహుమానములలో దానిని మించినది లేదు. ఆ కవరులో ఏమి వ్రాసెనో నాకు నేటికిని తెలియదు. తెలియకపోవుటయే నాకు సంతోషము.